పొగ రోజుల మ్యాట్నీ

మా పక్కింటి పిన్నిగారు పోయారు. శ్రావణమాసంలో, రాత్రంతా వాన కురిసి తెరిపిచ్చిన ఉదయం, పాలగిన్నె పట్టుకుని గుమ్మంలోకి రావలసిన మనిషి రాలేదు. పాలావిడ పిలిచి పిలిచి చివరికి నన్ను కేకేసింది. పెరటి వైపు నుంచి వెళ్ళి చూస్తే, నిద్రలోనే గుండె ఆగిపోయింది. చూడ్డానికొచ్చినవాళ్ళంతా "అదృష్టవంతురాలు, సునాయాసంగా వెళ్ళిపోయింది" అన్నారు. అలా అన్నవాళ్ళలో సగం మంది ఆవిడకి ముసలితనంలో సినిమాల పిచ్చి పట్టిందని నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వినవాళ్ళే. నా నోరు ఊరుకునే రకం కాదు కనక ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మాది రామచంద్రపురం శివారు. మా వీధి అయిపోయిన చోటే వరిచేలు మొదలవుతాయి. పిన్నిగారు నాకు చుట్టం కాదు. ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. భర్త ఎప్పుడో పోయారు, పిల్లల్లేరు. మా రెండిళ్ళకీ మధ్య ఉన్న పిట్టగోడ మీదుగా కూరగిన్నెలూ, నా కుట్టుమిషను కబుర్లూ, ఆవిడ చీవాట్లూ అటూ ఇటూ తిరుగుతుండేవి. ఉద్యోగంలో ఉండగా స్కూలెగ్గొట్టి మ్యాట్నీకి వెళ్ళిన పిల్లల్ని హాల్లోకి జొరబడి, జడ పట్టుకుని బయటికి లాక్కొచ్చిన మనిషి. ఆ జడల్లో ఒకటి మా ఆడపడుచుది. ఇప్పటికీ ఆ హాలు ముందు నుంచి వెళ్ళేటప్పుడు తల తడుముకుంటుంది.

అలాంటి ఆవిడకి రిటైరైన కొత్తలో, వేసవిలో రెండో పంట, దాళ్వా కోతలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం గుండెనొప్పి వచ్చింది. రాజమండ్రి తీసుకెళ్ళాం. గండం గడిచాక అక్కడి పెద్ద డాక్టరుగారు ఏం తిన్నారు, ఎంత నడిచారు అని అడిగి, ఆఖర్న "మీ ఊళ్ళో గడ్డి తగలబెడుతున్నారా అమ్మా?" అన్నారు. నేను తెల్లబోయాను. "పొగ ఊపిరితిత్తుల దగ్గరే ఆగిపోదమ్మా. అందులో కంటికి కనబడని నుసి రక్తంలోకి కూడా చేరుతుంది. రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది, రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువవుతుంది. బాగున్నవాళ్ళు తట్టుకుంటారు. మీ గుండె తట్టుకోలేదు. ఆ రోజుల్లో మాత్రం పొగకి దూరంగా, మూసిన చోట ఉండండి" అని చెప్పారు.

చెప్పడం తేలిక. ఒకప్పుడు మా వైపు గడ్డంటే బంగారం. కుప్పలేసి పశువులకి దాచేవారు. కోతమిషన్లొచ్చాయి, పాడి తగ్గింది, కూలీలు దొరకడం మానేశారు. మిషను కోసేసి వదిలిన గడ్డి చేలో అలాగే పడి ఉంటే, అగ్గిపుల్ల ఒక్కటే దిక్కైంది. ఎండ మాడ్చేసే మధ్యాహ్నాలు అంటిస్తారు. పొగ మా వీధి మీదకి దిగుతుంది. ఆరేసిన బట్టల మీద నల్లటి మసి. కిటికీలు మూసుకుందామంటే కరెంటుండదు, ఉక్కకి ప్రాణం పోతుంది. పైగా పిన్నిగారిది పెంకుటిల్లు, సందుల్లోంచి పొగ దిగుతుంది.

మరుసటి వేసవిలో ఒకరోజు ఆవిడ మంచి చీర కట్టుకుని, సంచీ పట్టుకుని పిట్టగోడ దగ్గరికొచ్చారు.

"పద అమ్మాయ్, మ్యాట్నీకి."

"ఎవరు, మీరా పిన్నిగారూ?"

"తలుపులు మూసేస్తారు, ఏసీ ఉంది, కరెంటు పోతే జనరేటరుంది. డాక్టరు చెప్పినవన్నీ ఈ ఊళ్ళో ఇంకెక్కడున్నాయో చూపించు, అక్కడికే పోదాం."

చూపించలేకపోయాను. అప్పటినుంచి పొగ ఉన్న ప్రతి మధ్యాహ్నమూ బాల్కనీలో ఓ మూల మేమిద్దరం. సినిమా మారేదాకా అదే సినిమా. ఆవిడ తెర వైపు పెద్దగా చూసేవారు కాదు. సంచీలోంచి పత్తి తీసి చీకట్లోనే వత్తులు చేసుకునేవారు. కాసేపు కునుకు తీసి, లేచి, "ఈవిడ ఇందాకే చచ్చిపోయింది కదే?" అని అడిగేవారు. "అది నిన్నండీ" అనేదాన్ని. వెనక వరసలో ఎవడైనా సిగరెట్టు ముట్టిస్తే వెనక్కి తిరక్కుండానే "ఆర్పెయ్" అనేవారు. ఆ గొంతుకి ఆర్పనివాణ్ణి నేను చూడలేదు. పిల్లల్ని వేసుకుని సినిమాకొచ్చిన పాత శిష్యురాళ్ళు ఇంటర్వెల్లో ఆవిడ కంటబడితే, చేతిలో సమోసా దాచేసుకుని లేచి నిలబడేవారు.

ఊరు నవ్వింది. ఏకాదశి నాడు కూడా సినిమాకేనా అని ముత్తైదువలు దెప్పారు. నాకు ఒళ్ళు మండిపోయేది. అసలు సంగతి చెప్పేస్తానంటే ఆవిడ ఒప్పుకునేవారు కాదు. "దగ్గొస్తే పక్కవాళ్ళకి వినబడుతుంది. గుండె బిగుసుకుంటే ఎవరికి వినబడుతుందే? చెప్పినా నమ్మరు. నమ్మినా, చేను ఖాళీ చెయ్యడానికి వాళ్ళకింకో దారి లేదు. ఊరికే వాళ్ళ మనసు పాడుచెయ్యడం ఎందుకు?" అనేవారు. ఆ నిప్పు పెట్టేవాళ్ళలో ఆవిడ చేను కౌలుకి చేసే రైతు కూడా ఒకడు. ఆ చేను మా వీధి చివరే.

ఒకసారి ఆ రైతే అరటిగెల తెచ్చి వరండాలో పెట్టి, మేం బయల్దేరుతుంటే నవ్వాడు. "టీచరుగారు ఇయ్యాల కూడా సినిమాకేనాండి? బాగా అలవాటైపోయిందండోయ్!"

ఇక ఆగలేదు నేను. "నీ చేలో పొగకి ఆవిడ గుండె ఆగిపోకుండా పరిగెడుతున్నాం నాయనా! డాక్టరు చెప్పాడు. సరదాకనుకున్నావా?"

అతని మొహం పాలిపోయింది. "పొగకి గుండెకేంటండి? కళ్ళు మండుతాయి, దగ్గొస్తాదనుకున్నాం గానీ..." అని ఆవిడ వంక చూశాడు. ఆవిడ నా వంక చూశారు. ఆ మ్యాట్నీ అంతా మా ఇద్దరి మధ్య కుర్చీలో పత్తి సంచీ పెట్టుకుని కూర్చున్నారు.

కానీ తర్వాతి ఏడాది కోతలయ్యాక ఆ రైతు తువ్వాలు చేత్తో పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డాడు. "అమ్మగారూ, రేపు మధ్యాహ్నం మన పక్క చేలన్నిటికీ నిప్పెడతారంటండి. తమరు భోజనం తొందరగా చేసేసి మ్యాట్నీకెళ్ళిపోవాలండి. ఆటో చెప్పేనండి." అప్పటినుంచి ఎవరు అంటించినా ముందుగా ఆ గుమ్మంలో చెప్పి వెళ్ళడం మా వైపు మర్యాదైంది. నిప్పు పెట్టడం మానలేదు. చెప్పడమూ మానలేదు. పిన్నిగారు అందరికీ మజ్జిగ ఇచ్చేవారు. చూసేవాళ్ళకి నవ్వులాటే, నాకు మాత్రం కళ్ళు చెమర్చేవి.

కిందటేడు, ఈ ఏడు అతను ఆవిడ చేను అసలు అంటించలేదు. గడ్డి అలాగే వదిలి, కాలవ నీళ్ళొచ్చాక దమ్ము చేసేటప్పుడు బురదలో తొక్కించాడు. "ఒక్క చేను మానితే పొగాగుతుందాండీ?" అని నేనంటే, పిన్నిగారు "ఆగదు. తగ్గింది ఒక్క చేనంత" అన్నారు. ఎంతైనా లెక్కల టీచరు. నల్లగా కాలిన చేల మధ్య పసుపుపచ్చటి గడ్డితో మిగిలిన ఆ చేను కనబడేటట్టు కుర్చీ జరిపించుకుని కూర్చునేవారు. ఆవిడ పోయాక నాకు మొదట గుర్తొచ్చింది అదే. ఆవిడ ఇంకొన్నాళ్ళు నాకు ఉండవలసింది.

పోయిన రోజు మధ్యాహ్నం ఆవిణ్ణి కాలవగట్టు శ్మశానానికి తీసుకెళ్ళారు. తమ్ముడి కొడుకు తలకొరివి పెట్టాడు. మేం ఆడవాళ్ళం ఇంటి దగ్గరే ఉండి ఇల్లు కడుగుతున్నాం. ఇంతలో ఆ కౌలు రైతు తడిబట్టలతో రొప్పుతూ వచ్చి, లోపలికి రాకుండా గేటు అవతలే ఆగి కేకేశాడు.

"అమ్మా, రాత్రి వానకి చితి కర్ర తడిసిపోయిందండి, పొగ బాగా వస్తుందండి. గాలి ఇటేపు తిరిగింది. బేగా కిటికీలేసేయండి!"

చీపురు పడేసి పరిగెత్తాను. ఆవిడ గదిలోకెళ్ళి రెండు రెక్కలూ లాగి గడియ పెట్టాను. వెనక్కి తిరిగాక కనబడింది, కడిగిన నేల మీద గోడకి నిలబెట్టి ఉన్న ఖాళీ మంచం.

గేటు దగ్గర అతను ఇంకా అడుగుతూనే ఉన్నాడు. "ఏసేరాండీ?"

"వేశాను" అన్నాను.