ఆకుకూరలు కడిగిన నీళ్లు

బ్రూక్షాబాద్‌లో నేను వంట చేసే వృద్ధాశ్రమానికి వేసవిలో మూడు రోజులకోసారి కుళాయి వచ్చేది. సబ్బు తగలని నీళ్లు పారబోయడమంటే నాకు పాపం చేసినట్టే. తోటకూర, పాలకూర కడిగిన నీళ్లలో మట్టి అడుక్కి దిగాక, పైనీళ్లు ఇంకో బేసిన్‌లోకి వంచేదాన్ని. చెక్కు తీసిన ఖీరా దోసకాయలు వాటిలోనే జాడించేదాన్ని. ఆకులు ఎలాగూ ఉడుకుతాయి. ఖీరా పచ్చిగా పళ్లెంలోకి వెళ్తుందన్న ఆలోచన రాలేదు. నా పొదుపును మేనేజరు మెచ్చుకునేవాడు కూడా.

ఖీరా అంటే ప్రాణం పెట్టేది టీచరమ్మ. బడిలో పనిచేసి, రిటైరయ్యాక ఆశ్రమంలో చేరింది. యాభై రెండేళ్ల వయసులో నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే. "ఏమే, నీ ఉడకబెట్టిన కూరలు తిని నాలుక చచ్చింది. నాలుగు ఖీరా ముక్కలు పడేయ్" అనేది. ఉప్పూ కారం అద్ది ఇచ్చేదాన్ని.

ఆవిడకు నెత్తురు విరేచనాలు పట్టుకున్నాయి. పరీక్షలో అమీబా అని తేలింది. ఆవిణ్ణి చూడ్డానికొచ్చిన డాక్టరమ్మ నేరుగా వంటింట్లోకి వచ్చి బేసిన్ చూసింది.

"దీదీ, ఆకుల మురికంతా ఈ నీళ్లలోనే ఉంది. ఇందులో ముంచాక, చెక్కు తీసి ఏం లాభం? పచ్చిగా తినేవాటికి మంచినీళ్లు వేరే ఉండాలి."

ఇంకో ట్యాంకు వేయించమని పైవాళ్లకు రాస్తానంది.

మర్నాడు మేనేజరు తెల్లకాగితం ఇచ్చాడు. "నేను చెప్తా, నువ్వు రాయి అక్కా. నీ చేత్తో రాస్తేనే పైవాళ్లు నమ్ముతారు."

వంటింట్లో నీళ్లకు కొరత లేదనీ, అన్నీ కుళాయి కింద కడుగుతున్నాననీ రాయమన్నాడు. పెన్ను ఆపాను.

"నిజం తెలిస్తే ముందు పోయేది నీ ఉద్యోగమే. ఉండేదీ ఇక్కడే కదా" అన్నాడు.

వంటింటి వెనక గది తప్ప నాకు వేరే ఇల్లు లేదు. రాశాను. సంతకం పెట్టాను.

అతను దాన్ని టీచరమ్మ మంచం దగ్గరికి పట్టుకెళ్లాడు. "చూడండి, మీ శిష్యురాలి దస్తూరీ!"

ఆవిడ చదివింది. అతను వెళ్లాక నన్ను దగ్గరికి పిలిచింది.

"ఏం రాస్తున్నావో తెలిసే రాశావా?"

"తెలిసే రాశానండీ."

"నువ్వు వేలిముద్ర వేసుంటే వాణ్ణి తిట్టుకునేదాన్ని" అని గోడవైపు తిరిగి పడుకుంది.

ట్యాంకు రాలేదు. కొరతే లేదని నేనే రాశాను మరి. ఇప్పుడు పచ్చివాటి కోసం నీళ్లు కాచి చల్లార్చి వేరే గిన్నెలో ఉంచుతున్నాను. గ్యాసు దండగని మేనేజరు సణుగుతాడు. నేను సెలవు పెట్టిన రోజున ఆశ్రమంలోవాళ్లకు ఏ నీళ్లలో కడిగి పెడతారో, అడిగే ముఖం నాకు లేదు.