రాని మనిషికి వేసిన ముద్ర

నోటరీ లాయరుకు చాదస్తం పాలు కాస్త ఎక్కువ. ప్రమాణపత్రం ఇచ్చే మనిషి ఎదురుగా కూర్చోవాలి, అందులో ఉన్నదంతా నిజమేనని నోటితో చెప్పాలి. అప్పుడుగానీ ముద్ర బయటికి తీయడు. సొంత నీడనైనా గుర్తింపు కార్డు అడిగే రకమని కోర్టు దగ్గర అందరూ వేళాకోళం చేసేవారు. ముప్పై ఏళ్లు అలాగే నెట్టుకొచ్చాడు.

ఏ కళనున్నాడోగానీ, ఒక వాన మధ్యాహ్నం దస్తావేజులు రాసే స్నేహితుడు వచ్చి, "పెద్దావిడ కింద కారులో ఉంది, మెట్లెక్కలేదు. ఇదిగో వేలిముద్ర" అని కాగితం చాపితే, 'నా ఎదుట హాజరై ప్రమాణం చేసినది' అన్నచోట ముద్ర గుద్దేశాడు. ఇల్లంతా కొడుక్కే చెందాలని ఆ కాగితం.

పది రోజులకు ఆవిడ కూతురు వచ్చింది. తల్లితో కలిసి ఉన్న ఇంట్లోంచి వెళ్లిపొమ్మన్నాడట అన్న.

"మీరు ముద్ర వేసిన రోజు పొద్దున్నే అమ్మ నా ఒళ్లో పోయిందండీ. మరణపత్రంలో సాయంత్రం పోయిందని అన్నయ్య రాయించాడు. ఒక్క మాట చెప్పండి, అమ్మ మీ ముందుకొచ్చిందా?"

లాయరు ఆలోచించాడు. రాలేదంటే నోటరీ పని పోతుంది, ముప్పై ఏళ్ల పేరు మంటగలుస్తుంది.

"వచ్చిందమ్మా. ఇదిగో, ఈ కుర్చీలోనే కూర్చుంది."

ఆమె గోడవార బల్ల మీద కూలబడింది.

ఇంతలో అద్దె ఒప్పందం పట్టుకుని ఒకాయన వచ్చాడు. లాయరు ఆ కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

"పర్లేదండీ, పెద్దావిణ్ణి లేపడమెందుకు? నిలబడతాను."

కుర్చీ ఖాళీగా ఉంది.

"ఏ పెద్దావిడ?" అంది కూతురు.

"ఈవిడేనండీ. బొటనవేలికి సిరా అంటినట్టుంది, తుడిచిందే తుడుస్తున్నారు పాపం."

లాయరు తెల్లకాగితం తీశాడు. ఆ మనిషి నా ఎదుటికి రాలేదు, చూడకుండానే ముద్ర వేశాను అని తన చేత్తోనే రాశాడు. రాస్తూ సిగ్గుతో కుంచించుకుపోయాడు.

"పైఅంతస్తులో ఇంకో నోటరీ ఉన్నాడు. పద తల్లీ, ఆయన ముందు ప్రమాణం చేస్తాను."

కూతురు లేచి గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చింది. ఖాళీ కుర్చీ వైపు చెయ్యి చాపింది.

"ఇక పోదాం, రామ్మా."

అద్దె ఒప్పందం ఆయన పక్కకు ఒదిగి, ఆడవాళ్లిద్దరికీ దారి ఇచ్చాడు.