జడ కొస

ఆర్మూర్ పసుపు మార్కెట్ రోడ్డులోని పార్లర్‌లో ఏ జడా ఓనరు మంజుల చెయ్యి పడకుండా బయటికి పోదు. పనిపిల్లలు ఎంత ముచ్చటగా అల్లినా, కొస దగ్గరికి రాగానే గాజులు పైకి తోసుకుంటూ వచ్చి, "జరుగు, నేను చేస్త" అంటుంది. కోపం కాదు, పేరు పోతుందని భయం. ఎదురు చెప్పిన ఇద్దరు మానేశారు. నోరు మెదపని నవనీత ఆరేళ్లుగా ఉంది.

మొన్న మెట్ల మీద జారిపడి మంజుల కుడిచేతికి కట్టు పడింది. "నవనీతా, జర నా జడెయ్యవే" అని కుర్చీలో కూర్చుంది. ఆ వేళ్లు అంత మెత్తగా, అంత బిగువుగా అల్లుతాయని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు. హాయిగా కళ్లు మూసుకుంది. కొసకు రాగానే వేళ్లు ఆగాయి.

"ఏమైందే?"

"కొస మీరే ఏస్తరు గదక్కా."

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. మంజుల జడను ముందుకు లాక్కుని కొస తనే అల్లబోయింది; ఎడమచెయ్యి ఒక్కటే చాలలేదు. అద్దంలో జడ పాయ పాయగా విడిపోతుంటే, నవనీత ఎప్పటిలాగే పక్కకు జరిగి, చేతులు కట్టుకుని నిలబడింది.