పివట్ మామ వేసిన దావ

పివట్ మామ చనిపోయిన సంగతి నాకు ఒక సర్క్యులర్ చెప్పింది. మంగళవారం పొద్దున ఆఫీసులో కంప్యూటర్ తెరిస్తే "రోడ్డు భద్రతపై అవగాహన" అన్న శీర్షిక కింద నాలుగే వాక్యాలు. హైవే అంచున సైకిల్ తొక్కుతున్న మన ఉద్యోగి ఒకరు ట్రెయిలర్ తగిలి మరణించారు, అందరూ జాగ్రత్తగా ఉండగలరు. పేరు లేదు. ఉద్యోగి నంబరు ఉంది. ఆ నంబరు నాకు నోటికొచ్చు. ఆయన ఇఖామా, అంటే నివాస అనుమతి, కాగితాలు ఏటేటా నింపింది నేనే.

వాళ్లు దాన్ని ప్రమాదం అన్నారు. నేను అనను. ఎందుకు అననో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇందులో నా చెయ్యి కూడా ఉంది, కాబట్టి సంతాప సభల మెత్తటి గొంతు నా దగ్గర ఆశించకండి.

సౌదీలో తబూక్ ఊరి బయట పెద్ద వ్యవసాయ క్షేత్రం మా కంపెనీది. పొలం నడిమధ్య ఒక ఇరుసు, దాని చుట్టూ గడియారం ముల్లులా తిరుగుతూ నీళ్లు చల్లే పొడవాటి ఇనుప చెయ్యి. దాన్నే పివట్ అంటారు. ఆగిపోయిన పివట్లను తిప్పే మేస్త్రీ ఆయన. కడప జిల్లా మనిషి, అరవైకి దగ్గరపడ్డాడు. బెంగాలీలకూ పాకిస్తానీలకూ మనవాళ్లకూ, క్యాంపులో ఉన్న అందరికీ పివట్ మామే.

క్యాంపు నుంచి పొలాలకు హైవే మీద ఎనిమిది కిలోమీటర్లు. కంపెనీ బస్సు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. పివట్లేమో బస్సు టైము చూసుకుని చెడిపోవు. అందుకే మేస్త్రీలంతా సైకిళ్ల మీదే తిరిగేవాళ్లు. హైవే నిండా ట్రెయిలర్లు. అది వద్దని మామ పక్కనున్న అడవిలోంచి పద్నాలుగు కిలోమీటర్ల చుట్టు దావ వేశాడు. అడవి అన్నానని నల్లమలను ఊహించుకోకండి. బల్లపరుపు కంకర నేల, కనుచూపు మేర మోకాలెత్తు పొదలు, అక్కడక్కడా గొడుగు విప్పినట్టు ముళ్ల తుమ్మలు. ఎటు చూసినా ఒకటే తీరు. పది నిమిషాలు పక్కకు తప్పితే మళ్లీ దారి దొరకదు. అలాంటి చోట ఆయన రాళ్లు పేర్చాడు. రాయి మీద ఒక రాయి ఉంటే ముందు మెత్తటి ఇసుక ఉన్నట్టు. మూడు రాళ్లుంటే పక్క చెట్టు కింద నీళ్ల క్యాను పూడ్చి ఉన్నట్టు.

షుగర్ వచ్చి డాక్టరు తిట్టాక నేనూ ఒక పాత సైకిల్ కొన్నాను. మొదటి రోజు మామ నా టైరు నొక్కి చూసి నవ్వాడు.

"ఇంత గాలి యాల సారూ? పెండ్లికి పోతాండావా?" అని సగం గాలి తీసేశాడు.

"పంచర్ అయితే ఎట్ల మామా?"

"అయితే కూచ్చోని ప్యాచి ఏసుకుందాం. నువ్వు పడితే అతికేదానికి నా కాడ ప్యాచి ల్యా."

నేలకు ఆయన పెట్టుకున్న పేర్లు వేరు. లావు కంకర ఉంటే శనక్కాయ నేల. పైన పొరలా గట్టిపడి చక్రం కింద ఫట్‌మని విరిగేది అప్పడం నేల. ఇక చక్రాన్ని మింగేసేది పిండి నేల. "పిండి నేల్లో బ్రేకు ముట్టొద్దు సారూ. ముందు చక్రాన్ని నమ్ము. నీకంటే దానికే బాగా తెలుసు" అనేవాడు. ఇరవై ఏళ్లుగా వ్యాసాలు రాస్తున్నవాణ్ణి, జనాన్ని నమ్మాలని ఊదరగొట్టేవాణ్ణి, ఒక చక్రాన్ని నమ్మడానికి నాకు రెండు నెలలు పట్టింది.

నీళ్ల క్యాన్లకు ఒకటే కట్టుబాటు. తాగినవాడు తిరిగొచ్చేటప్పుడు నింపాలి. ఒకసారి నేను తాగి మర్చిపోయాను. మామ అయిదు లీటర్ల సీసా తెచ్చి నా హ్యాండిల్‌కు తగిలించాడు. "సదువుకున్నోనివి, మర్సిపోతావు. పొద్దుగూకక ముందే పోయిరా" అన్నాడు. పోయాను. ఆ రోజు నా వెనక తొక్కాల్సిన సూడానీ మనిషి ఖాళీ క్యాను ముందు నిలబడి ఉంటే ఏమయ్యేదో అని దారంతా అనుకుంటూనే ఉన్నాను.

ఇక నా ఘనకార్యం. ఒక శుక్రవారం ఆ దావ మొత్తం ఫోన్‌లో రికార్డు చేసి సైకిల్ తొక్కేవాళ్ల యాప్‌లో పెట్టాను. ఎకేసియా లూప్, అంటే తుమ్మల చుట్టు, అని ఇంగ్లీషు పేరు తగిలించాను. కింద నా పేరు వేసుకున్నాను. మామ పేరు వేయాలని తట్టలేదు. తట్టలేదన్నది కూడా సాకే. పివట్ మేస్త్రీ పేరు పెడితే బరువు రాదనుకున్నాను.

రెండు వారాలకే నగరం నుంచి వచ్చారు. లావు టైర్లు, బిగుతు బట్టలు, తలకు కెమెరాలు. కంకర దారుల మీద తొక్కడం ఇప్పుడు పెద్ద సరదా అట. మామ పొంగిపోయాడు. "మన దావకు ఎంత మంది వచ్చినారు సూడు సారూ!" అని ఎదురెళ్లి మరీ నీళ్లిచ్చాడు. వాళ్లు ఆయనతో ఫొటోలు దిగారు. తర్వాత క్లబ్బు పెట్టారు. అడవి అంచు మా కంపెనీ భూమే కాబట్టి మేనేజ్‌మెంటుతో ఒప్పందం కుదిరింది. కంచె లేచింది, గేటు లేచింది. చూపుకు బాగా లేవని రాళ్లు తీసేసి బాణం బోర్డులు పాతారు. నీళ్ల క్యాన్లను చెత్త అని లాగి పారేశారు. ఆ మీదట సర్క్యులర్ వచ్చింది. భద్రత దృష్ట్యా, హెల్మెట్ ఉండి క్లబ్బులో నమోదైనవారికే ప్రవేశం. కార్మికులు హైవేను వాడుకోగలరు.

ఆ నోటీసు తయారు చేసింది నేను. అరబిక్, ఇంగ్లీషు, ఉర్దూ టైపు చేశాను. ఫాంటు లేక తెలుగుది మాత్రం చేత్తో రాసి గేటుకు అంటించాను. మామ వచ్చి దగ్గరగా నిలబడి చదివాడు.

"ఇది నువ్వు రాసిందేనా సారూ?"

"ఏం జేద్దాం మామా, పైనుంచి ఆర్డరు."

"రాత బాగుంది. తలకట్లు గుండ్రంగా ఉండాయి" అని సైకిల్ వెనక్కి తిప్పుకుని హైవే వైపు పోయాడు. నన్ను ఎన్ని సభల్లో ఎంతమంది తిట్టినా అంత దెబ్బ తగల్లేదు.

నాలుగు నెలలు హైవే మీద తొక్కాడు. అయిదో నెల తొక్కలేదు.

విధి అంటారు కొందరు. విధికి తాళంచెవి ఉండదు. ఈ గేటుకు ఉంది, సెక్యూరిటీ గదిలో మేకుకు వేలాడుతోంది. ట్రెయిలర్ డ్రైవరు తప్పు అంటారు ఇంకొందరు. ఆ డ్రైవరు కూడా నిద్ర చాలని కూలివాడే. రెండు చక్రాల మనిషిని పద్దెనిమిది చక్రాల కిందకు ఒక కాగితంతో తోసినవాళ్ల గురించి మాట్లాడమంటే మాత్రం అందరికీ వేరే పని గుర్తొస్తుంది.

శుక్రవారం క్లబ్బు వాళ్లు స్మారక రైడ్ పెట్టారు. "మా రూట్‌లో చిరునవ్వుతో నీళ్లందించిన పెద్దాయనకు" అని ఫొటో వేశారు. మా రూట్ అట! కెప్టెన్ మన తెలుగాయనే, కోస్తా ఇంజినీరు. గేటు దగ్గరే ఆయన్ని పట్టుకున్నాను.

"ఒక్కటే అడుగుతున్న. వర్కర్లకు గేటు తెరవమని మీరంతా ఒక్క లెటర్ రాయండి. మీరు రాస్తే వింటరు."

"అయ్యో బ్రదర్, మేం కూడా చాలా డిస్టర్బ్ అయ్యామండీ. కానీ ఇది ఎమోషనల్ మూమెంట్. పాలసీ ఇష్యూస్ ఇప్పుడెందుకండీ?"

"ఈ గేటు మూసిండ్రు కాబట్టే ఆయన సచ్చిపోయిండు."

"అలా అనకండి. ఇన్సూరెన్స్ చూసుకోవాలి కదా. వాళ్లకి హెల్మెట్లు కూడా లేవు."

"హెల్మెట్లు నేను కొనిస్త."

"తర్వాత కూర్చుని మాట్లాడుకుందామండీ. ముందు ఒక నిమిషం సైలెన్స్."

మౌనం పాటించాం. మనిషి నోరు మూయించడానికి ఇంత మర్యాదైన పద్ధతి నేనెక్కడా చూడలేదు.

తర్వాత నలభై మందీ కదిలారు. వెళ్లిపోదామనుకున్నాను, కానీ నా సైకిల్ కూడా వాళ్ల వెనకే పోయింది. ఎనిమిదో కిలోమీటరు దగ్గర బాణం బోర్డు నేరుగా పొమ్మంది. ఒకప్పుడు అక్కడ రాయి మీద రాయి, పక్క తుమ్మ దగ్గర మూడు రాళ్లు ఉండేవి. ముందు వెళ్లిన ముగ్గురు బ్రేకులు నొక్కి పిండి నేలలో కుప్పకూలారు. దెబ్బలు తగల్లేదు గానీ సీసాలు ఒలికిపోయాయి. నేను దిగి పక్కనే ఉన్న చెట్టు కింద కూలబడ్డాను. చెయ్యి అలవాటుగా ఇసుకలోకి పోయింది. గోనె పట్టా తగిలింది. దాని కింద క్యాను. నిండుగా, చల్లగా.

నాలుగు నెలల కింద అన్నీ లాగి పారేశారు. ఇది కొత్త క్యాను.

"బ్రదర్, వాటర్ ఉందా?" కెప్టెన్ పొదల అవతలి నుంచి అరిచాడు. మామ అయితే అడక్కముందే ఇచ్చేవాడు. నేను మాత్రం ఆయన రెండోసారి అడిగేదాకా ఆగి, నా సీసాలో నింపి తీసుకెళ్లి ఇచ్చాను. "ఇంత కూల్‌గా ఎక్కణ్ణుంచి వచ్చాయండీ?" అన్నాడు. తెలియదన్నాను. ఏ చెట్టు కిందో మీకూ చెప్పను.

ఆ ఆదివారమే రాజీనామా ఇచ్చాను. ఖురూజ్, అంటే దేశం వదిలి వెళ్లే అనుమతి, చేతికొచ్చాకే ఇది రాస్తున్నాను. నా ధైర్యం ఎప్పుడూ కాగితం వెనకాలే వస్తుంది, రాసిపెట్టుకోండి.

కానీ తాగినవాడు నింపాలి. రాజీనామా ఇచ్చిన మర్నాడు సాయంత్రం ఎండ ఉండగానే అయిదు లీటర్ల సీసా హ్యాండిల్‌కు తగిలించుకుని కంచె వెంట తొక్కాను. ఒక చోట అడుగు తీగను ఎవరో పైకెత్తి నీలం పైపు ముక్క ఆనించి పెట్టారు. పివట్లకు వాడే పైపు. సైకిల్‌ను పడుకోబెట్టి లోపలికి తోసి, వెనకే పాకాను. చొక్కా చిరిగింది. క్యాను నింపి, పట్టా కప్పి, విరిగిన తుమ్మకొమ్మతో నా చక్రం గీతను చెరుపుకుంటూ వెనక్కి వచ్చాను. తీగ దగ్గర తలెత్తి చూస్తే పక్కనే ఇంకో సన్నటి చక్రం గీత, క్లబ్బు వాళ్ల లావు టైర్లది కాదు. అంచుల నుంచి ఇసుక ఇంకా రాలుతూనే ఉంది. పొదల మధ్యలోంచి పివట్ల వైపు పోయింది.