వెల్కా అవ్వ దాచిన సగం

వెల్కా అవ్వది దేన్నయినా సగం దాచే గుణం. పంచదార తెస్తే సగం డబ్బాలోకి, సగం ఎవరికీ తెలియని చోటికి. రాకియా సారా కాచిన రోజున సగం సీసాలు నేలమాళిగలో వరసగా నిలబడేవి, మిగతా సగం మొక్కజొన్న పొత్తుల కింద పడుకునేవి. ఈస్టరు తీపిరొట్టె అందరూ తిని మూతులు తుడుచుకున్న మూడో రోజున, అదే రొట్టెలో సగం దుప్పట్ల బీరువాలోంచి బయటికొచ్చేది. దోనా ఆ ఇంటి కోడలై ఇరవై ఏడేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఏ వస్తువూ పూర్తిగా తన కంటపడలేదని ఆమె గట్టి నమ్మకం.

బల్గేరియాలో కోడళ్ళు అత్తని అమ్మా అనే పిలుస్తారు. కడుపులో ఏమున్నా పిలుపు మాత్రం అదే. దోనా కూడా అలాగే పిలిచేది. పిలిచిన వెంటనే ఏదో ఒక దెప్పుపొడుపు తగిలించేది. అవ్వ తక్కువ తిన్నదా అంటే అదీ లేదు. వాళ్ళిద్దరి మధ్య లాజర్ పోకచెక్కలా నలిగాడు. అవ్వకి కొడుకు, దోనాకి మొగుడు, ఊరి బస్సుకి డ్రైవరు. మూడు పనుల్లో బస్సే తేలికని అనేవాడు.

ఆ ఇంటి పెరడంటే ఊళ్ళో పేరు. పేరు పెరడుది కాదు, అందులో కాసే గులాబిరంగు టమాటాది. ఒక్కో కాయ అరకిలోకి తక్కువ తూగదు. తోలు మరీ పల్చన, బుట్టలో పెట్టి వీధి చివరిదాకా తీసుకెళ్ళినా చిట్లిపోతుంది. తీగ దగ్గరే కోసి, ఉప్పు చల్లి, తెల్లజున్ను పక్కన పెట్టుకు తినాలి. ఆ విత్తనం వెల్కా అవ్వ పుట్టింటినుంచి తెచ్చుకున్నది. ఎవరికీ గింజ ఇచ్చేది కాదు. విత్తనం గడప దాటితే దాంతోబాటు ఇంటి చలవ కూడా దాటుతుందని ఆవిడ మాట. పక్కింటి రుస్కా నలభై ఏళ్ళు అడిగి అడిగి చివరికి అడగడం మానేసింది.

కిందటి ఏడు ఆగస్టులో తెగులొచ్చి తోటంతా మాడిపోయింది. మిగిలిన రెండు మూడు కాయల గింజలు తీసి, కడిగి, ఆరబెట్టి, అవ్వ ఒక కాగితం పొట్లం కట్టింది. అక్టోబరు చివర ఒక సాయంత్రం ఆ పొట్లం తెచ్చి దోనా చేతిలో పెట్టింది. అంతకుముందెప్పుడూ పెట్టలేదు.

"సగం విత్తు. సగం ఉంచు. ఏ ఏడు ఎలా ఏడుస్తుందో ఎవరికి తెలుసు," అంది.

"ఇదేనా అంతా?" అంది దోనా ఎగతాళిగా.

అవ్వ కోడలి ముఖంలోకి కాసేపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున పాలు కాస్తూ పొయ్యి దగ్గర కుప్పకూలింది. కుడిపక్క పడిపోయింది, మాట కూడా పడిపోయింది. ఆసుపత్రినుంచి తెచ్చాక కిటికీ పక్కన ఇనప మంచం వేశారు. ఎడమచేతికి ఒక చెక్క గరిటె ఇచ్చారు. ఏం కావాలన్నా మంచం పట్టీ మీద కొట్టేది. నీళ్ళకీ అదే దెబ్బ, పక్క తడిసినా అదే దెబ్బ, కోపానికీ అదే దెబ్బ. ఏది ఏదో దోనాయే కనిపెట్టుకోవాలి.

ఫిబ్రవరి ఆఖర్న, పెరటి వంటగదిలో, దోనా పొట్లం విప్పింది. డెబ్భై గింజలుంటాయేమో. వాటిని చూస్తూ లెక్క వేసుకుంది. ముసలిది నా చేతికి మొత్తం ఇస్తుందా? పొద్దు పడమట పొడిచినా ఇవ్వదు. ఇది పైకి చూపించే సగం. అసలు సగం ఏ దిండులోనో, ఏ కోటు మడతలోనో భద్రంగా ఉంటుంది. ఇందులో మళ్ళీ సగం ఉంచడమెందుకు? పైగా అవ్వ ఏనాడూ ముప్ఫైకి మించి మొక్కలు పెంచలేదు. తను అరవై పెంచి చూపించాలని ఆశ పుట్టింది. ఒక్క గింజ మిగల్చకుండా పెట్టెల్లో విత్తేసింది. అత్త లెక్క తనకి కొట్టినపిండి అనుకుంది పాపం.

ఇక వాతావరణం సంగతి. ఆ దేశంలో మార్చి నెల ఒక ముసలమ్మ. మార్తవ్వ నవ్వితే ఎండ, అలిగితే మంచు. ఆ ఏడు మార్తవ్వకి పొద్దుటి బుద్ధి సాయంత్రానికి లేదు. నెల మొదట్లో జనం స్వెట్టర్లు విప్పేశారు, ఆలుబుఖారా చెట్లు మోసపోయి పూసేశాయి. పన్నెండో తారీఖున మోకాటి లోతు మంచు పడింది. దోనా పెట్టెల్ని లోపలికి, బయటికి, మళ్ళీ లోపలికి మోసింది. వారం రోజులు పొద్దున ఐదింటికి లేచి పొయ్యి రాజేసి, అప్పుడు పట్నంలో పసిపిల్లల బడికి వంట చెయ్యడానికి వెళ్ళేది.

"మా అమ్మకి నోరు పడిపోయి ఇల్లు సద్దుమణిగిందనుకున్నాను. ఇప్పుడు నువ్వు మొక్కలతో మాట్లాడుతున్నావు," అన్నాడు లాజర్.

"అవి ఎదురు చెప్పవు. నీకంటే నయం," అంది దోనా.

ఏప్రిల్‌లో మొక్కల్ని గుర్రప్పేడ పరిచిన మడిలోకి మార్చి, పైన నైలాన్ గుడ్డ కప్పింది. మూడు రాత్రులు గడ్డకట్టే చలి వచ్చింది. అంచుల్లో ఉన్న పదీ పన్నెండు నల్లబడి పోయాయి. తరవాత వేడి. నైలాన్ కింద మిగిలినవి మితిమీరి సాగిపోయాయి. తరవాత గాలి. సెయింట్ జార్జి పండగనాడు అందరూ గొర్రెపిల్ల మాంసం తింటూంటే నైలాన్ ఎగిరి రుస్కా చెర్రీచెట్టుకి చుట్టుకుంది. దోనా చెట్టెక్కి తెచ్చుకుంది. ఏ పూట ఏది చేసినా మరుసటి పూటకి అది తప్పని తేలేది. ఆకాశంతో ఎవరు కాపరం చెయ్యగలరు అనుకుని, మళ్ళీ లేచి చేసేది.

మే పన్నెండు ఆదివారం పడింది. ఆ రోజు సెయింట్ గెర్మన్‌ది. వడగళ్ళ మబ్బులన్నీ ఆయన చేతిలో ఉంటాయి. ఆ రోజున తోటలో, పొలంలో ఎవరూ పని ముట్టుకోరు. ముట్టుకుంటే ఆయనకి కోపం వస్తుంది, దెబ్బ ఒక్కరికి కాదు, ఊరందరికీ తగులుతుంది. దోనాకి ఇది తెలియక కాదు. కాని నలభై మూడు మొక్కలు మడిలో ఒకదానిమీద ఒకటి వాలి పసుపెక్కుతున్నాయి. మర్నాటినుంచి వారమంతా బడిలో వంట, ఇంటికొచ్చేసరికి చీకటి. ఇంకో ఆదివారం దాకా అవి ఆగవు. ఆమె పార తీసుకుంది.

కంచెకి అవతల బెంచీ మీద రుస్కా పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతోంది.

"దోనా, ఇవాళ పార పట్టావేమే?"

"రేపట్నుంచి బడి ఉంది. గెర్మన్ వచ్చి నాటిపెడతాడా?"

"నాటడు. పీకుతాడు," అని రుస్కా తొక్క ఉమ్మేసింది.

లోపల గరిటె మోగడం మొదలైంది. మంచం కిటికీ పక్కనే, అవ్వకి పెరడంతా కనిపిస్తుంది. దోనా ఒక్కో మొక్క నాటుతుంటే ఒక్కో దెబ్బ. ఇరవయ్యో మొక్కకి దోనాకి ఒళ్ళు మండింది. కిటికీ దగ్గరికొచ్చి, "చాలమ్మా. ఆయన పండగని నాకూ తెలుసు. ఇన్నేళ్ళు నీ నోరు భరించాను, ఇప్పుడు గరిటె కూడానా," అని కిటికీ మూసేసింది. అద్దం అవతల గరిటె ఆడుతూనే ఉంది. చప్పుడు మాత్రం రాలేదు.

నాలుగు గంటలకి కొండ మీదినుంచి మబ్బు దిగింది. అడుగున తెల్లగా ఉంది. దోనా బట్టలుతికే తొట్టి తెచ్చి నాలుగు మొక్కల మీద బోర్లించింది. దుప్పటి తెచ్చేలోగా మొదటి రాయి పడింది, అక్రోటు కాయంత. ఆమె దుప్పటి రెండు చేతులా పట్టుకుని మొక్కల మీద నిలబడింది. భుజాల మీద, మెడ మీద రాళ్ళు. లాజర్ పరిగెత్తుకొచ్చి రెక్క పట్టి ఈడ్చాడు.

"నీ బుర్ర పగిలితే టమాటాలు కాస్తాయా? రా లోపలికి."

వసారాలో నిలబడి చూడడం తప్ప చేసేదేమీ లేకపోయింది. తొమ్మిది నిమిషాలు. పెంకులు పగులుతున్నాయి. మొక్కలు విరగడం వినబడడం లేదు, కనబడుతోంది. దోనా ఏడవలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఏప్రన్‌కి తుడుచుకుంటూ ఉంది, తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడుచుకుంది. వాన వెలిసిన మరుక్షణం సిగ్గులేని ఎండ కాసింది.

ఊరందరి ద్రాక్ష పోయింది, ఊరందరి చెర్రీలు పోయాయి. పార పట్టింది ఎవరో సాయంత్రానికల్లా ఊరందరికీ తెలిసింది. మర్నాడు రొట్టెల కొట్టు ముందు ఒకాయన పక్కకి తొలగి, "దారివ్వండర్రా, గెర్మన్ చుట్టం వచ్చింది," అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేదని దోనాకి అనిపించింది.

వడగళ్ళు పడ్డ రాత్రే అవ్వకి చారు తాగిస్తూ ఆమె ముఖం చూసింది. గరిటె కొట్టలేదు, కోపం లేదు. ఎన్నడూ లేనిది గిన్నె ఖాళీ చేసింది. దోనాకి గుండె కుదుటపడింది. సగం ఉంది కాబట్టే ముసలిది ఇంత నిశ్చింతగా తింటోంది అనుకుంది. అడుగుదామనుకుంది. అడిగితే, నువ్వు ఉంచమన్నది కూడా విత్తేశానని ఒప్పుకోవాలి. తొట్టి కింది నాలుగూ బతికే ఉన్నాయి, మొండేల్లో కొన్ని చిగురుస్తాయి, ఆ అవసరమే రాకపోవచ్చు. అడగలేదు.

అప్పుడు చలివాన పట్టుకుంది, తొమ్మిది రోజులు. మొండేలు మొదళ్ళ దగ్గర నల్లబడి ఒక్కొక్కటే వాలిపోయాయి. దోనా చుట్టూ బూడిద పోసింది, కాలవ తీసింది, గొడుగు కూడా పాతింది. లాజర్ నవ్వబోయి ఆమె ముఖం చూసి మానుకున్నాడు. తొట్టి కింద దాక్కున్న నాలుగూ చివరిదాకా నిలబడ్డాయి. వాటిలో ఆఖరిది కాన్‌స్టాంటిన్ హెలెనా పండగ మర్నాడు పొద్దున మట్టిలో పడుకుని కనిపించింది. ఎత్తబోతే కాండం వేళ్ళ మధ్య జారిపోయింది.

ఆ రోజు బడికి సెలవు చెప్పి ఇల్లు వెతికింది. దిండ్లు విప్పింది, పిండి డబ్బా జల్లించింది, మేరీమాత పటం వెనక చూసింది, పోయిన మామగారి బూట్లలో చెయ్యి పెట్టింది. మూడు రాకియా సీసాలు దొరికాయి, పంచదార దొరికింది, తనకి పెళ్ళికని అల్లడం మొదలెట్టి సగంలో ఆపిన ఊలు మేజోళ్ళు దొరికాయి. గింజలు లేవు.

సాయంత్రం వచ్చి మంచం పక్కన కూర్చుంది. బస్సు వదిలేసి వచ్చిన లాజర్ గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, మొక్కలన్నీ పోయాయి. ఒక్కటీ లేదు. ఇప్పుడు విత్తినా సెప్టెంబరుకి ఒక కాయ దక్కుతుంది, విత్తనానికి చాలు. నీ సగం ఎక్కడుందో చూపించు."

అవ్వ విన్నది. తొందర పడలేదు. గరిటె మెల్లగా ఎత్తి చాపింది. దోనా వెనక్కి తిరిగింది. గోడ బీరువా. అది పొద్దున్నే చూసింది. అయినా లేచి, తెరిచి, మళ్ళీ చూసింది. వెనక్కి తిరిగేసరికి గరిటె బీరువా వైపు లేదు, బీరువా తలుపు పక్కన నిలబడిన తన వైపు ఉంది. కిటికీ దగ్గరికి జరిగింది. గరిటె కూడా జరిగింది. పొయ్యి దగ్గరికి వెళ్ళింది. గరిటె అక్కడికీ వచ్చింది.

"దోనా, అమ్మ నిన్నే చూపిస్తోంది," అన్నాడు లాజర్.

"నన్నెందుకు? నా దగ్గరేముంది?" అంది దోనా. అంటూండగానే అక్టోబరు సాయంత్రం గుర్తుకొచ్చింది. ఇదేనా అంతా అని తను అడిగింది. ముసలిది తన ముఖంలోకి అలా చూసి వెళ్ళిపోయింది. ఆ చూపులో ఏముందో ఇప్పుడు తెలిసింది. వచ్చి మంచం పట్టీ మీద కూలబడింది. ఇరవై ఏడేళ్ళలో ఆ ఒక్కసారే వెల్కా అవ్వ ఏమీ దాచుకోలేదు.

అవ్వ గరిటె పక్కన పెట్టింది. ఎడమవైపు సగం ముఖం నవ్వింది, కంగారెందుకే పిచ్చిదానా అన్నట్టు. కోడలి దగ్గర సగం భద్రంగా ఉందన్న ధీమాతోనే ఆవిడ వడగళ్ళ రాత్రి అంత కడుపునిండా తిన్నది. ఇప్పుడు ఎడమచెయ్యి చాపి, అరచెయ్యి విప్పి, నువ్వు దాచిన సగం తెచ్చి ఇందులో పెట్టు, చూద్దాం అన్నట్టు ఎదురుచూసింది.

ఆ చేతిలో పెట్టడానికి దోనా దగ్గర ఏమీ లేదు.