ప్రభువుగారి తుపాకీ, ముప్పావు అంగుళం

ఆ రోజుల్లో నావల్ల పోయినవాటిని లెక్కేస్తే ఇలా తేలుతుంది: పాతకాలపు ఇంగ్లీషు తుపాకీ ఒకటి, మా ఇంటి ఓనరు మనశ్శాంతి పందొమ్మిది రోజులు, నా ఎత్తులో మూడున్నర అంగుళాలు. (ఎత్తు తిరిగొచ్చింది.) లెక్కలు నాకెవరూ నేర్పలేదు, నాకు నేనే నేర్చుకున్నాను. అందుకేనేమో, తప్పు చేసినా మూడుసార్లు సరిచూసుకుని మరీ చేస్తాను.

అప్పుడు నేను అమెరికాలోని చాండ్లర్‌లో హెచ్-వన్ వీసా మీద పనిచేస్తూ, ఫోన్ కార్డులో నిమిషాలు లెక్కపెట్టుకుంటూ బతికేవాణ్ణి. నేనూ నా రూమ్మేటూ ఎనభై దాటిన ఒక అమెరికన్ ఇంటి వెనక భాగంలో అద్దెకుండేవాళ్లం. ఆయన తండ్రి ఇంగ్లండులో ఒక ప్రభువు వేటకెళ్తే వెనక నిలబడి, తూటాలు నింపి తుపాకీ అందించేవాడట. ఆ ప్రభువు తన ఒంటి కొలతలకు చేయించుకున్న జోడు గొట్టాల తుపాకీని చివరికి తన చేత్తోనే ఆ తండ్రికిచ్చాడట. "మా నాన్న దాని మీద ఉలి పడనివ్వలేదు" అని ప్రతి నెలా అద్దె తీసుకుంటూ చెప్పేవాడు. చుట్టాలు మాత్రం ఏ పాత సామాన్ల కొట్లోనో కొన్నదని నవ్వేవారట. మేం మా ఓనరుకు ప్రభువుగారని పేరు పెట్టుకున్నాం.

ఒకరోజు, ఆయన రాసి అడిగితే, తుపాకీ చేసిన లండన్ కంపెనీ నుంచి పాత ఆర్డర్ల పుస్తకం నకలు వచ్చింది. నంబరు కలిసింది, ప్రభువు పేరూ ఉంది. ట్రిగ్గర్ నుంచి భుజానికి ఆనించే చెక్క మడమ చివరిదాకా పద్నాలుగు అంగుళాల పైన ఎనిమిదింట అయిదు వంతులని రాసి ఉంది. "నా చేయి వణుకుతుంది. లెక్కల మనిషివి, కొలిచి చెప్పు" అన్నాడాయన.

"ఒరేయ్, మనది హెచ్-వన్ రా!" అన్నాడు రూమ్మేటు. "తుపాకీ ముట్టుకుంటే పోలీసులొస్తరు. ఏం చెప్తవ్, దానికి చొక్కా కుడుతున్నా అంటవా?" అంటూనే వెనక వరండాలోంచి గుడ్డ టేపు తెచ్చిచ్చాడు.

మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ ముప్పావు అంగుళం తక్కువ.

"మడమ కోశారు, సర్" అన్నాను, ఏదో కనిపెట్టినవాడిలా. "ప్రభువుకీ మీ నాన్నగారికీ మధ్య దాన్ని తనకు తగ్గట్టు కోయించుకున్న పొట్టి చేతులవాడెవడో ఉన్నాడు."

"అంటే నాన్న అబద్ధం చెప్పాడా?"

"లెక్క అలా చెబుతోంది, సర్."

ఆయన తుపాకీని పెట్టెలో పెట్టి మూత వేశాడు. వారం తిరక్కుండా ఎవరో వ్యాపారికి అమ్మేశాడు. ఇంట్లో దాన్ని చూడలేకపోతున్నానన్నాడు.

తుపాకీ కొలిచిన పందొమ్మిదో రోజున డ్రైవింగ్ లైసెన్సు ఫారం నింపుతూ అదే టేపుతో నా ఎత్తు కొలుచుకున్నాను. అయిదడుగుల ఎనిమిది అంగుళాలుండేవాణ్ణి, అయిదడుగుల నాలుగున్నర దగ్గర ఆగాను.

"ఏరా, నేను తగ్గానా?"

"నువ్వు తగ్గుడేంది? టేపు సాగింది. ఎండకాలమంతా దాన్నే తాడు లెక్క కట్టి నా తడి జీన్సులు ఆరేసిన గదా!"

ఆఫీసు నుంచి స్టీలు స్కేలు తెచ్చి టేపు ఎంత సాగిందో లెక్క కట్టాను. సరిగ్గా ఆ ముప్పావు అంగుళమే వచ్చింది. నా లెక్క ఎప్పుడూ అంత బాగా కుదరలేదు.

టేపు పట్టుకుని ఆయన దగ్గరికెళ్లి అంతా చెప్పాను. ఆయన దాన్ని వేళ్లకు చుట్టుకున్నాడు.

"అయితే నాన్న నిజమే చెప్పాడు."

"అవును, సర్."

"చచ్చిపోయి నలభై ఏళ్లయిన మనిషి. పందొమ్మిది రోజులు ఆయనతో మాట్లాడలేదు నేను."

ఇద్దరం వ్యాపారి దగ్గరికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాం. తుపాకీ అప్పటికే చేతులు మారిపోయింది, కొన్నదెవరో అతను చెప్పనన్నాడు. తిరిగొస్తుంటే కారులో ఆయన అన్నాడు: "అబ్బాయ్, నువ్వు మా నాన్నకు ముప్పావు అంగుళం బాకీ."

నేను ఊరు మారాక కూడా ప్రతి క్రిస్మస్‌కీ కార్డు వచ్చేది. సంతకం కింద ఆ బాకీ అంకె ఒక్కటే ఉండేది. కొన్నేళ్లకు కార్డులు ఆగిపోయాయి. ఇప్పుడు నా దగ్గర స్టీలు టేపులు రెండున్నాయి, ఒకదాంతో ఇంకోదాన్ని కొలిచి చూస్తుంటాను. (మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీండి.) ఎన్నిసార్లు సరిచూసినా ఆయన తండ్రికి నేనివ్వాల్సింది మాత్రం మారలేదు: ముప్పావు అంగుళం.