ఫ్లాస్కులో మిరియాల చారు

చదువుకని దేశం దాటొచ్చి, ఎటోబికోలో మేం నలుగురమ్మాయిలం అద్దెకున్న బేస్‌మెంట్ పైన, గుండె లోతుల్లోంచి పాడే సోల్ పాటల సింగర్ ఒకావిడ ఉండేది. ఇంటి ఓనరు ఆవిడే. కాలేజీల నిండా మన పిల్లలే దిగుతున్న రోజులవి, బేస్‌మెంట్ దొరకడమే గగనం. ఓనరు పాడుతుందా, తన్నుతుందా అని ఎవరు అడుగుతారు?

ఒకప్పుడు ఆవిడ క్లబ్బుల్లో పాడుతుంటే జనం గ్లాసులు కింద పెట్టి వినేవారట. తర్వాత ఆవిడే గ్లాసు పట్టుకుంది. ఇద్దరు మొగుళ్లు పోయారు, రికార్డు కంపెనీ పోయింది. ప్రోగ్రాం రోజున "గొంతు బాగాలేదు" అని ఫోన్ కొట్టి, ఇంట్లో తాగి పడుకునేది. ఇదంతా ఆవిడే చెప్పింది, పక్కింటావిడ సంగతి చెబుతున్నట్టు నవ్వుతూ. మొదట్లో ఆంటీ అంటే ఇంతెత్తున లేచేది. "నేనెవరికి ఆంటీని?" అనేది. మేం మానలేదు. చివరికి తనే అలవాటు పడింది.

మేం చేరేనాటికి తాగుడు మానేసింది. పాత క్లబ్బు ఓనరు ఒకాయన, బాగా బతిమాలించుకుని, ఒక ఆదివారం మధ్యాహ్నం పాడనిస్తానన్నాడు. ఈసారి ఎగ్గొడితే మళ్లీ ఫోన్ చేయొద్దన్నాడు. అప్పటినుంచి హీటర్ గొట్టంలోంచి ఆవిడ సాధన మా గదిలోకి దిగేది. చదువుకోనివ్వదేంట్రా బాబూ అని తిట్టుకునేదాన్ని. అయినా ఆ గొంతు ఒక్కోసారి ప్రాణం పిండేసేది. పని నుంచి వచ్చి, బూట్లు విప్పకుండా మెట్ల మీదే కూర్చుని ఏడ్చిన రోజులున్నాయి.

అయితే ఆ గొట్టంలో పాట కిందికి దిగినట్టే వాసనలు పైకెక్కుతాయి. సరిగ్గా ఆ ఆదివారం పొద్దున మా గుంటూరు పిల్ల పచ్చడికని గుప్పెడు ఎండుమిర్చి వేయించింది. బయట మంచు, కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. పైన దగ్గు మొదలైంది. ఎంతకీ ఆగదే! పరుగెత్తి వెళ్లేసరికి ఆంటీ కళ్లు చింతనిప్పులు. "చంపేశారు కదా నన్ను" అని ఇంగ్లీషులో అరవబోయింది. అరుపు రాలేదు.

క్లబ్బుకి ఫోన్ చేసింది. స్పీకర్లో ఆయన నవ్వాడు. "గొంతు బాగాలేదా? ఈసారి కొత్తదేదైనా చెప్పాల్సింది" అని పెట్టేశాడు. ఆంటీ ఒకప్పుడు సీసాలుండే అల్మారా వైపు చూసింది. నేను గబగబా ఆవిడ కోటు తీశాను.

"ఆంటీ, కోటు వేసుకోండి. వెళ్దాం" అన్నాను.

"ఉండండే, ఘాటుగా మిరియాల చారు పెడతా" అంది గుంటూరు పిల్ల.

"నీ ఘాటుకో దండం తల్లీ, ఇంకా చాల్లేదా?" అన్నాను.

పెట్టింది. పోసుకెళ్లడానికి దొరికింది ఆంటీ పాత స్టీలు ఫ్లాస్కే. అందులో ఒకప్పుడు ఏముండేదో మా మట్టిబుర్రలకి తట్టలేదు.

ఇక రాదనుకున్న క్లబ్బు ఓనరు తేరుకునేలోపే ఆంటీ స్టేజీ ఎక్కేసింది. మొదటి లైనులోనే గొంతు పట్టేసింది. ఆంటీ ఆగి, ఫ్లాస్కు తీసి ఒక గుక్క తాగింది. హాలంతా ఉస్సూరుమంది. ముందు వరసలో ఒకాయన లేచి కోటు అందుకున్నాడు. మైకు ఆపించడానికి క్లబ్బు ఓనరు మొహం గంటు పెట్టుకుని మెట్లెక్కాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ అక్కడ నా మాట ఎవరు వింటారు?

ఆంటీ ఫ్లాస్కు మూత నిండా పోసి ఆయన చేతిలో పెట్టింది. విస్కీలాగే ఒక్క గుక్కలో వేసుకున్నాడు మహానుభావుడు. అంతే, వెక్కిళ్లు, దగ్గు, ధారగా కన్నీళ్లు. మా వరస పగలబడి నవ్వింది.

"ఇందులో విస్కీ లేదు" అన్నాడు మైకులో, కళ్లు తుడుచుకుంటూ. తర్వాత ఆవిడ వైపు తిరిగి మెల్లగా అడిగాడు. మైకు ఆపలేదు కాబట్టి మాకూ వినబడింది.

"అయితే నిజంగానే గొంతు పోయిందా?"

"పోయింది."

"మరెందుకొచ్చావు?"

"నువ్వు నమ్మలేదుగా" అంది ఆంటీ.

ఆయన వెళ్లి ముందు వరసలో కూర్చున్నాడు. ఆంటీ ఆ పోయిన గొంతుతోనే పాడింది. పాట అయ్యేదాకా ఒక్కరూ గ్లాసు ఎత్తలేదు.